పట్టుకోవడం సరే, విడవడం మాటేమిటి?

డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులకు కణజీవశాస్త్రం చెప్పేటప్పుడు ఏళ్ల తరబడి నల్లబల్ల మీద నేను ఒకే బొమ్మ వేశాను. రెండు గీతలుగా కణత్వచం (కణం పైపొర), దాని మీద చేతులు చాపి నిలబడిన గ్రాహకం (బయటి అణువులను పట్టుకునే ప్రోటీను, ఇంగ్లీషులో రిసెప్టర్), ఆ చేతుల మధ్య సరిగ్గా ఇమిడే ఒక గుండ్రటి అణువు. పక్కన "తాళం, తాళంచెవి" అని రాసేవాణ్ని. బొమ్మలో తప్పేమీ లేదు. కానీ దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్న విద్యార్థికి గ్రాహకం అంటే గుమ్మం దగ్గర కదలకుండా నిలబడే కాపలాదారు అనీ, అణువును పట్టుకోవడంతో దాని పని అయిపోయిందనీ అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. ఇప్పుడు నేను చెప్పదలచింది దానికి ఎదురుమాట. కణం ఉపరితలం మీద ఉండే గ్రాహకం ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది దాని కథలో చిన్న భాగమే. కణం లోపలికి వెళ్లాక, పట్టుకున్నదాన్ని ఎక్కడ ఎలా విడుస్తుందన్నదే అది మళ్లీ పైకి తిరిగి వస్తుందా, లోపలే అరిగిపోతుందా అన్నదాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

"గ్రాహకం" అన్న మాటలోనే ఈ పక్షపాతం కొంత ఉంది. గ్రహణం ఏ ధాతువు నుంచి వచ్చిందో ఇదీ అక్కడినుంచే వచ్చింది. అయితే పంచాంగం గ్రహణానికి పట్టు కాలంతో పాటు విడుపు కాలాన్ని కూడా గడియలతో సహా అచ్చువేస్తుంది. పట్టుస్నానం చేసిన ఇల్లాలు విడుపుస్నానం కాకుండా పొయ్యి వెలిగించదు. పాఠ్యపుస్తకం మాత్రం పట్టు దగ్గరే ఆగిపోయింది.

నాకు ఈ విషయం మీద పట్టుదల పెరగడానికి కారణం మా మేనత్త. నలభై దాటేనాటికే ఆమె రెండు మడమల వెనక, పిక్క నుంచి దిగే లావుపాటి స్నాయువు ఎముకకు అతుక్కునే చోట, గట్టి గడ్డలు లేచాయి. చెప్పు ఒరుసుకుని అలా అయిందని ఆమె అనుకుంది. వాతం అని చూసినవాళ్లు అన్నారు. పదేళ్లకు పైగా అవి కాళ్ల జబ్బుగానే చెలామణి అయ్యాయి. చివరికి ఛాతీనొప్పితో ఆసుపత్రిలో చేర్చిన రోజున చేసిన రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే కణిక) కొలెస్టరాల్ డెసిలీటరుకు 290 మిల్లీగ్రాములకు పైన ఉందని తేలింది. మడమల వెనక పేరుకున్నది కూడా కొలెస్టరాలే. ఆ తర్వాత ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ ఆమె నేతిగిన్నె గురించి, వేపుళ్ల గురించి మాట్లాడి వెళ్లారు. నిజానికి మా ఇళ్లలో ఆమె కన్నా మితంగా తినే మనిషి లేదు. లోపం వంటింట్లో లేదు, కాలేయంలో ఉంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి తీసుకునే గ్రాహకాలను కాలేయ కణాలు నడిపించుకునే తీరులో ఉంది.

దీనిని వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్టరాల్ జబ్బు అంటారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడిన జన్యుప్రతి వచ్చినవాళ్లు సుమారు 250 నుంచి 300 మందికి ఒకరు ఉంటారని ఇప్పటి అంచనాలు. రెండు ప్రతులూ చెడినవాళ్లు లక్షల్లో ఒకరే అయినా, వాళ్లకు బాల్యంలోనే, యవ్వనం రాకముందే గుండెపోటు రావచ్చు. మేనరికాలు కలుపుకునే మన కుటుంబాల్లో ఈ రెండో సంగతిని కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఒకే తాత దగ్గరి ఒకే చెడిన ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చి ఒక బిడ్డలో కలుసుకునే అవకాశం మేనరికంలో ఎక్కువ. మా అత్త కూతురికీ మా అన్నయ్యకూ సంబంధం మాట ఇంట్లో వచ్చినప్పుడు, ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించండి అని నేను అన్నాను. అమ్మ నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు.

ఈ జబ్బు ద్వారానే గ్రాహకాల రాకపోకలు లోకానికి తెలిశాయి. అమెరికాలోని డాలస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ అనే ఇద్దరు యువవైద్యులు 1970ల తొలినాళ్లలో, రెండు ప్రతులూ చెడిన రోగుల చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్ కణాలను పాత్రల్లో పెంచి, రేడియోధార్మిక అయొడిన్ తగిలించిన ఎల్‌డీఎల్‌ను వాటికి అందించి చూశారు. ఆరోగ్యవంతుల కణాలు ఎల్‌డీఎల్‌ను పట్టుకున్నాయి, రోగుల కణాలు పట్టుకోలేకపోయాయి. ఉపరితలం మీద ఒక ప్రత్యేక గ్రాహకం ఉందనీ, ఈ రోగుల్లో అది లోపించిందనీ 1974 నాటికి వాళ్లు నిరూపించారు. 1985లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకూ చూస్తే తాళం, తాళంచెవి బొమ్మకు ఇంతకు మించిన సాక్ష్యం ఉండదు.

అయితే వాళ్ల దగ్గరికి వచ్చిన కణాల్లో ఒక రోగివి మాత్రం లెక్కకు అందలేదు. ఆ కణాలు ఎల్‌డీఎల్‌ను చక్కగా పట్టుకునేవి. పట్టుకుని అక్కడే కూర్చునేవి. లోపలికి మాత్రం తీసుకోవు. జె.డి. మ్యుటేషన్ (జన్యువులో వచ్చిన మార్పు) అని పేరుపడ్డ ఈ లోపం అసలు రూపం 1986లో బయటపడింది. ఎల్‌డీఎల్ గ్రాహకంలో 839 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో చివరి 50 మాత్రమే కణం లోపలి వైపుకు తోకలా వేలాడుతుంటాయి. ఆ తోకలో 807వ స్థానంలో ఉండవలసిన టైరోసిన్ బదులు సిస్టీన్ వచ్చి కూర్చుంది. అంతే తేడా. ఎల్‌డీఎల్‌ను అందుకునే భాగం మొత్తం నిక్షేపంగా ఉంది, తాళం పాడవలేదు. బయటినుంచి చూసేవాడికి కనపడని తోకలో ఒక్క అక్షరం మారినందుకు మనిషి రక్తం నిండా కొలెస్టరాల్ పేరుకుపోయింది. గ్రాహకానికి అసలు చిరునామా తోక మీద రాసి ఉంటుందని ఈ ఒక్క ఉదాహరణతో తేలిపోయింది.

ఆ చిరునామాను చదివేది ఎవరు? కణత్వచం లోపలి ముఖాన అక్కడక్కడా చిన్న చిన్న గుంటలు పడుతుంటాయి. వాటిని మొదట వివరంగా చూసింది 1964లో థామస్ రాత్, కీత్ పోర్టర్. అది కూడా మనిషిలో కాదు, దోమ అండంలో. రక్తం తాగిన ఆడదోమ అండాలు పచ్చసొన ప్రోటీన్లను మింగుతున్నప్పుడు వాటి అంచుల్లో నూగు పట్టినట్టున్న గుంటలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనిపించాయి. ఆ నూగును 1976లో బార్బరా పియర్స్ పంది మెదడు నుంచి శుద్ధిచేసిన ప్రోటీనుగా గుర్తించి క్లాథ్రిన్ అని పేరు పెట్టింది. మూడు కాళ్ల ఆకారంలో ఉండే క్లాథ్రిన్ అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, వెదురుబుట్ట అల్లినట్టు, గుంట చుట్టూ గూడు కడతాయి. ఫైబ్రోబ్లాస్ట్ కణం మీద ఈ గుంటలు ఆక్రమించే స్థలం ఉపరితలంలో సుమారు 2 శాతమే అయినా ఎల్‌డీఎల్ గ్రాహకాల్లో సగానికి పైగా వాటిలోనే గుమికూడి ఉంటాయి. క్లాథ్రిన్ స్వయంగా గ్రాహకాన్ని తాకదు. ఏపీ-2 వంటి మధ్యవర్తి ప్రోటీన్లు ఒక చేత్తో తోకను, మరో చేత్తో క్లాథ్రిన్‌ను పట్టుకుని రెండింటినీ కలుపుతాయి. కాలేయంలో ఆ పని చేసే ఇంకొక మధ్యవర్తి ఉందని 2001లో తెలిసింది; దాని జన్యువు రెండు ప్రతులూ చెడితే, ఎల్‌డీఎల్ గ్రాహకం పూర్తిగా బాగున్నవాళ్లకు కూడా ఇదే జబ్బు వస్తుంది. గుంట లోతై బుడగగా మారాక దాని మెడను బిగించి తెంపేది డైనమిన్ అనే ప్రోటీను. ఆ డైనమిన్ వేడికి పనిచేయకుండా పోయే ఒక రకం పండు ఈగలు వెచ్చటి చోట చచ్చుబడి పడిపోతాయి, చల్లబరిస్తే లేచి ఎగిరిపోతాయి.

ఇక్కడ చిన్న పిట్టకథ. కోడి అండంలోకి పచ్చసొన వెళ్లేది కూడా ఎల్‌డీఎల్ గ్రాహకానికి దగ్గరి చుట్టమైన గ్రాహకం ద్వారానే. ఆ గ్రాహకం పుట్టుకతో లోపించిన కోళ్ల జాతి ఒకటి ఉంది. అవి దాదాపు గుడ్లే పెట్టవు, వాటి రక్తం మాత్రం కొవ్వుతో చిక్కబడి ఉంటుంది. మా అత్తకు వైద్యుడు మొదట నిషేధించింది గుడ్డు పచ్చసొననే. ఆ పచ్చసొన గుడ్డులోకి చేరిన దారి, ఆమె శరీరంలో సగం మూసుకుపోయిన దారి ఒకే కుటుంబానికి చెందినవని ఆమెకు చెప్పాలని నాకు చాలాసార్లు అనిపించింది, కానీ నవ్వులాటగా తీసుకుంటుందని ఊరుకున్నాను.

తాళంచెవి పోలికకు నాకున్న తొలి అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఎల్‌డీఎల్ గ్రాహకం తనకు ఎల్‌డీఎల్ దొరికినా దొరకకపోయినా లోపలికి వెళ్లిపోతుంది. ప్రయాణికులు ఎక్కినా ఎక్కకపోయినా వేళకు కదిలే పల్లెవెలుగు బస్సు లాగా అది సుమారు పది నిమిషాలకు ఒకసారి లోపలికి వెళ్లి తిరిగి పైకి వస్తుంది. దాదాపు ఇరవై గంటల తన బతుకులో వందకు పైగా ఇలాంటి ప్రయాణాలు చేస్తుంది. తాళంచెవి పడితేనే తలుపు తెరుచుకుంటుందన్న మాట ఈ గ్రాహకానికి అసలు వర్తించదు. తలుపు ఎప్పుడూ తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంటుంది.

ఈ నిత్యప్రయాణాన్ని నా కళ్లతో నేను చూసింది ఒక పొరపాటు వల్ల. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీనుకు మెరిసే రంగు తగిలించి, దాన్ని కణాల మీద పోసి, వాటిని మంచుమీద ఉంచేవాణ్ని. నాలుగు డిగ్రీల చలిలో గ్రాహకం పట్టుకోగలదు కానీ కణత్వచం కదలలేదు కాబట్టి అంతా ఉపరితలం మీదే నిలిచిపోతుంది; తర్వాత 37 డిగ్రీలకు వేడిచేసి గడియారం పెట్టుకుని లోపలికి వెళ్లడాన్ని లెక్కించాలి. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం కణాల పళ్లేన్ని మంచుమీద పెట్టి టీ తాగడానికి వెళ్లి, మాటల్లో పడి, మంచంతా కరిగాక తిరిగి వచ్చాను. ప్రయోగం చెడిపోయింది. అయినా ఆ పళ్లేన్నే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, అంచుల్లో సన్నటి వెలుగుగీతలా కనిపించవలసిన రంగంతా కేంద్రకం పక్కన చుక్కల గుంపుగా చేరి ఉంది. నా గడియారం కోసం కణాలు ఆగలేదు. ఆ చుక్కల్లో కొన్ని మళ్లీ అంచువైపు కదులుతుంటే చూస్తూ ఆ సాయంత్రమంతా అక్కడే కూర్చున్నాను. మా గైడు మందలింపు మరునాడు వచ్చింది.

కేంద్రకం దారిలో ఉండే ఆ చుక్కలే ఎండోసోములు. బుడగ తన క్లాథ్రిన్ గూడును విడిచేసి మొదట చేరేది వీటిలోకే. ఎండోసోమ్ గోడలోని పంపులు ప్రోటాన్లను లోపలికి తోడడం వల్ల అక్కడి పీహెచ్ బయటి 7.4 నుంచి సుమారు 6కు దిగుతుంది. చింతపండు రసంతో పోలిస్తే ఇది ఆమ్లమే కాదనాలి, కానీ ప్రోటీను అణువుకు ఆ తేడా చాలు. బయట చాచి ఉంచిన తన చేతిని ఎల్‌డీఎల్ గ్రాహకం ఈ స్వల్ప ఆమ్లతలో మోచేతి దగ్గర మడుచుకుంటుంది. గ్రాహకం నడిమిభాగంలో ఆరు రేకుల పంకాలాంటి ఒక ముడి వచ్చి ఎల్‌డీఎల్ ఆనుకుని ఉన్న చోటునే ఆక్రమించి, దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఈ మడత ఆకారాన్ని డాలస్‌లోనే 2002లో స్ఫటికంగా పట్టి చూపించారు.

ఎల్‌డీఎల్ విడిపోయాక జరిగేది నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం, ఎందుకంటే అందులో తెలివి ఎక్కడా కనపడదు, జ్యామితి మాత్రమే కనిపిస్తుంది. ఎండోసోమ్ ఆకారం గుండ్రటి కడుపు, దానికి అంటుకున్న సన్నటి గొట్టాలు. గొట్టాల్లో పొర ఎక్కువ, లోపలి ఖాళీ తక్కువ. కడుపులో దీనికి తలకిందులు. పొరకు అతుక్కుని ఉన్న గ్రాహకం సహజంగా గొట్టాల వైపు కొట్టుకుపోతుంది, పొరను వదిలేసి నీటిలో తేలుతున్న ఎల్‌డీఎల్ కడుపులో మిగిలిపోతుంది. గొట్టాలు తెగి ఉపరితలానికి తిరిగి వెళ్తాయి, కడుపు మరింత పులిసి లైసోసోముగా మారే దారిలో సాగుతుంది, అక్కడ ఎల్‌డీఎల్ జీర్ణమై కొలెస్టరాల్ కణానికి దక్కుతుంది. చేటలో చెరిగినప్పుడు గింజా పొట్టూ వాటి బరువును బట్టి విడిపోతాయి తప్ప చేటకు ఏది గింజో తెలియదు. ఇదీ అలాంటిదే.

ఇది ఊహ కాదని చూపిన ప్రయోగాల్లో ఒకటి 1993లో జరిగింది. అప్పుడు న్యూయార్క్‌లో ఫ్రెడ్ మాక్స్‌ఫీల్డ్ ప్రయోగశాలలో పనిచేస్తూ, తర్వాత బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రానికి సంచాలకులైన సత్యజిత్ మేయర్, సహచరులతో కలిసి, ఏ చిరునామా గుర్తూ లేని ఒక కొవ్వు అణువు కూడా ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం ఎంత వేగంతో పైకి తిరిగి వస్తుందో అంతే వేగంతో తిరిగి వస్తుందని చూపారు. అంటే తిరిగి రావడానికి టికెట్టు అక్కరలేదు. పొరలో ఉన్నవన్నీ మామూలుగా పైకే పోతాయి. లోపల ఆగిపోవడానికే కారణం ఉండాలి.

ఈ మాటను నేను చాలాకాలం పూర్తి సత్యంగా చెబుతూ వచ్చాను, తర్వాత సవరించుకోవలసి వచ్చింది. ఎల్‌డీఎల్ గ్రాహకం తోకను ఎండోసోములో గుర్తుపట్టి, వెనక్కి పంపే ప్రోటీన్ల ముఠా కూడా ఉందనీ, వాటిలో కొన్ని లోపించిన మనుషుల్లో కొలెస్టరాల్ పెరుగుతుందనీ 2016లో వచ్చిన పరిశోధన చూపింది. కనుక వెనుదిరిగే దారిలో కొంత సాయం కూడా ఉంది. అయినా మూలవాదన చెడలేదు: విడిచినదానికి సాయం అందుతుంది, విడవనిదానికి అందదు.

విడవకపోతే ఏమవుతుందో రెండు పాత ప్రయోగాలు చెబుతాయి. 1981లో బ్రౌన్, గోల్డ్‌స్టైన్‌ల బృందంలో ఉన్న సందీప్ బసు, తర్వాతి కాలంలో ఢిల్లీలోని జాతీయ ఇమ్యునాలజీ సంస్థకు సంచాలకులైన ఆయనే, కణాలకు మొనెన్సిన్ అనే మందు ఇచ్చి ఆమ్లతను చెడగొడితే ఎల్‌డీఎల్ గ్రాహకాలు లోపలే చిక్కుకుని తిరిగి రాలేకపోవడాన్ని చూపారు. కోళ్లఫారాలవాళ్లకు మొనెన్సిన్ పరిచితమే. కాక్సిడియోసిస్ రాకుండా దాణాలో కలుపుతారు. రెండోది 1987 నాటిది, నా దృష్టిలో మరింత గొప్పది. గ్రాహకం మోచేతి భాగాన్ని జన్యువులోంచే కత్తిరించేసి చూశారు. ఆ మొండి గ్రాహకం కొలెస్టరాల్ మోసే ఒక రకం కణికలను పట్టుకోగలిగింది, లోపలికి వెళ్లగలిగింది. ఆమ్లతలో విడవడం మాత్రం దానికి చేతకాలేదు. తిరిగి రాలేదు, నశించిపోయింది. ఈ జబ్బుకు కారణమయ్యే మ్యుటేషన్లను వైద్యులు అయిదు తరగతులుగా విభజిస్తారు. అయిదో తరగతి సరిగ్గా ఇదే, పట్టుకుని విడవలేని గ్రాహకాలది. బిగుతుగా పట్టుకోవడం గొప్పతనమైతే వీళ్లు అందరికన్నా ఆరోగ్యంగా ఉండాలి.

ఒకే గ్రాహకం, ఇద్దరు అతిథులు అయినప్పుడు ఈ సంగతి మరింత తేటపడుతుంది. కణాలను విభజనకు పురికొల్పే ఈజీఎఫ్ గ్రాహకానికి ఈజీఎఫ్ అతుక్కోవచ్చు, టీజీఎఫ్-ఆల్ఫా అనే దాని దాయాదీ అతుక్కోవచ్చు. గుమ్మం దగ్గర రెండూ దాదాపు ఒకే పని చేస్తాయి. లోపలికి వెళ్లాక టీజీఎఫ్-ఆల్ఫా ఎండోసోము ఆమ్లతకు వెంటనే ఊడిపోతుంది, గ్రాహకం పైకి తిరిగి వచ్చి మళ్లీ సంకేతానికి సిద్ధమవుతుంది. ఈజీఎఫ్ ఊడదు. అలా పట్టుబడిన గ్రాహకం మీద యూబిక్విటిన్ అనే చిన్న ప్రోటీను ముద్రలు నిలిచి ఉంటాయి. ఆ ముద్రను చదివే యంత్రాంగం గ్రాహకాన్ని ఎండోసోము పొరతో సహా లోపలికి మడిచి, బుడగలో బుడగగా చేసి లైసోసోముకు అప్పగిస్తుంది. ఫలితంగా గట్టిగా అతుక్కునే ఈజీఎఫ్ తన గ్రాహకాన్ని తానే అరగదీస్తుంది, తేలిగ్గా ఊడే టీజీఎఫ్-ఆల్ఫా సంకేతాన్ని ఎక్కువసేపు సాగనిస్తుంది. తాళంచెవి బొమ్మలో ఈ రెండింటికీ ఒకటే గీత.

ఇక్కడ జాగ్రత్తగా చదివేవారు నన్ను నిలదీయవచ్చు: మంచుమీద పెట్టిన ఆ ట్రాన్స్‌ఫెరిన్ సంగతేమిటి? అది ఎండోసోములో గ్రాహకాన్ని విడవదు కదా? నిజమే, విడవదు. ఆమ్లతలో విడిపోయేది అది మోస్తున్న ఇనుము మాత్రమే; ఖాళీ అయిన ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాన్ని పట్టుకునే పైకి తిరిగి వచ్చి, బయటి పీహెచ్ 7.4 తగలగానే ఊడి రక్తంలో కలిసిపోతుంది. కాబట్టి "విడవని గ్రాహకం చస్తుంది" అని నేను సూత్రంగా రాస్తే అది అబద్ధమవుతుంది. నేననేది అంత స్థూలమైన మాట కాదు. ప్రతి గ్రాహకానికీ దాని విడుపు కాలం ఒకటి నిర్ణయమై ఉంది. ట్రాన్స్‌ఫెరిన్‌కు అది ఉపరితలం దగ్గర, ఎల్‌డీఎల్‌కు ఎండోసోములో. ఆ కాలం తప్పించితే ఏమవుతుందో ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం మీదే చూశారు. మెదడులోకి మందులు పంపడానికి ఈ గ్రాహకాన్ని పట్టుకునే యాంటీబాడీలను వాహనంగా వాడాలని జెనెన్‌టెక్ సంస్థ పరిశోధకులు ప్రయత్నించారు. గట్టిగా పట్టుకునే యాంటీబాడీ మెదడు రక్తనాళాల కణాల్లోనే చిక్కుకుని గ్రాహకంతో సహా లైసోసోము పాలయింది. పట్టు కావాలని సడలించిన యాంటీబాడీ మెదడులోకి మెరుగ్గా చేరింది. ఈ పనులు 2011లోనూ 2014లోనూ అచ్చయ్యాయి. మందుల తయారీలో దశాబ్దాలుగా "ఎంత బిగుతుగా అతుక్కుంటే అంత మంచి మందు" అన్న నమ్మకం ఉండేది.

మళ్లీ మా అత్త జబ్బు దగ్గరికి. 2003లో ఫ్రాన్సులోని కుటుంబాల్లో, ఎల్‌డీఎల్ గ్రాహకం బాగానే ఉన్నా ఇదే జబ్బు ఉన్నవాళ్లలో, పీసీఎస్‌కే9 అనే జన్యువు మారి ఉందని కనుగొన్నారు. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ఈ ప్రోటీను వచ్చి ఎల్‌డీఎల్ గ్రాహకం మోచేతి దగ్గరే అతుక్కుంటుంది. ఎల్‌డీఎల్ ఆమ్లతకు ఊడిపోతే, పీసీఎస్‌కే9 దానికి పూర్తిగా విరుద్ధం. ఎండోసోము ఆమ్లతలో దాని పట్టు బయటికన్నా వంద రెట్లకు పైగా బిగుస్తుంది. అచ్చంగా ఉడుంపట్టు. చేయి మడుచుకోవలసిన చోటే ఉడుము వేలాడుతుంటే గ్రాహకం ముడుచుకోలేదు, గొట్టాల దారి పట్టలేదు, లైసోసోముకు పోతుంది. పీసీఎస్‌కే9 గుమ్మం దగ్గర ఎవరినీ అడ్డగించదు. అది చేసేదల్లా విడుపు లేకుండా చేయడమే.

దానికి తారుమారుగా, ఈ ప్రోటీను పుట్టుకతోనే సగం తగ్గినవాళ్లు కూడా ఉన్నారు. డాలస్‌లో హెలెన్ హాబ్స్, జోనాథన్ కోహెన్‌ల బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆఫ్రికన్ అమెరికన్లలో 2.6 శాతం మందికి పీసీఎస్‌కే9 జన్యువులో ఒక ప్రతి పనిచేయదనీ, వాళ్ల ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువనీ, పదిహేనేళ్లలో గుండె రక్తనాళాల జబ్బు వాళ్లకు 88 శాతం తక్కువగా వచ్చిందనీ తేలింది. వాళ్లలో గ్రాహకపు పట్టు మెరుగుపడలేదు. అదే గ్రాహకం, అంతే బిగువు. పైకి తిరిగి వచ్చే ప్రయాణాలు మాత్రం పెరిగాయి. నా వాదనకు ఇంతకన్నా పెద్ద సాక్షిని నేను తేలేను.

స్టాటిన్ మాత్రల పరిమితి కూడా దీనితోనే అర్థమవుతుంది. స్టాటిన్ కణం లోపలి కొలెస్టరాల్ తయారీని తగ్గిస్తుంది, కొరత పడిన కణం మరిన్ని ఎల్‌డీఎల్ గ్రాహకాలను తయారుచేస్తుంది. కానీ ఆ కొరత మీటే నొక్కితే పీసీఎస్‌కే9 ఉత్పత్తి కూడా పెరుగుతుంది; ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో లాగేసుకున్నట్టు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ సుమారు 6 శాతం మాత్రమే అదనంగా దిగడానికి ఇది ఒక కారణం. మా అత్తకు మోతాదు పెంచుతూ పోయిన కొద్దీ రిపోర్టులో అంకె కదలకపోవడం చూసి, ఆమె మాత్రలు వేసుకోవడం లేదేమోనని అనుమానించినవాళ్లలో నేనూ ఒకణ్ని.

స్టాటిన్ల గురించే ఇంకొక మాట. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో అమితాభ ఛటోపాధ్యాయ బృందం, సెరటోనిన్ అనే నాడీ సంకేత రసాయనాన్ని పట్టుకునే గ్రాహకాల్లో ఒకదాన్ని పాత్రల్లో పెంచిన కణాల్లో పరిశీలించింది. మామూలుగా అది క్లాథ్రిన్ గుంటల ద్వారా లోపలికి వెళ్లి, తిరిగి పైకి వస్తుంది. స్టాటిన్‌తో చాలాకాలం కొలెస్టరాల్ తగ్గించిన కణాల్లో అదే గ్రాహకం వేరే దారిలో, కావియోలిన్ అనే మరో ప్రోటీను ఉండే గుంటల ద్వారా లోపలికి వెళ్లి, తిరిగి రాకుండా లైసోసోముకు చేరింది. ఇది పాత్రల్లోని కణాల సంగతి, దీన్ని చదివి ఎవరూ మాత్రలు ఆపకూడదు. కానీ పొరలోని కొవ్వు మారితే గ్రాహకం గమ్యం మారుతుందన్నది, గుమ్మం బొమ్మ మాత్రమే గీసే మనలాంటి ఉపాధ్యాయులు తరగతిలో చెప్పవలసిన విషయం.

పీసీఎస్‌కే9ను రక్తంలోనే పట్టుకుని అడ్డుకునే యాంటీబాడీ మందులు 2015లో అనుమతి పొందాయి. వాటిలో ఒకటైన ఎవలోక్యుమాబ్‌ను 27,564 మంది మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. స్టాటిన్ వాడుతున్నవాళ్లలోనే ఎల్‌డీఎల్ మధ్యస్థ విలువ 92 నుంచి 30కి దిగింది. ఇన్‌క్లిసిరాన్ అనే మరో మందు ఇంకొక మెట్టు వెనక్కి వెళ్లి, పీసీఎస్‌కే9 తయారీకి కాలేయ కణంలో ఉండే ఆర్‌ఎన్‌ఏ సందేశాన్నే తుంచేస్తుంది. మొదటి ఇంజెక్షను, మూడు నెలలకు రెండోది, ఆ తర్వాత ఆరు నెలలకు ఒకటి చొప్పున చాలు. ఇప్పుడు మా అత్త తీసుకుంటున్నది ఇదే. ఖరీదు గురించి రాయడం మొదలుపెడితే ఇది వేరే వ్యాసమవుతుంది.

ఆ మందు కాలేయ కణంలోకి ఎలా వెళ్తుందో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మందుకు మూడు చక్కెర అణువులు తగిలిస్తారు. వాటిని కాలేయ కణాల మీద పుష్కలంగా ఉండే మరొక గ్రాహకం పట్టుకుంటుంది, క్లాథ్రిన్ గుంటలోకి దిగుతుంది, ఎండోసోము ఆమ్లతలో మందును విడిచి, మళ్లీ పైకి పోతుంది. ఒక గ్రాహకానికి విడుపు తిరిగి ఇప్పించడానికి మరొక గ్రాహకపు విడుపును వాడుకుంటున్నారన్నమాట. మందులో అత్యధిక భాగం ఎండోసోముల్లోనూ లైసోసోముల్లోనూ చిక్కుకుపోతుంది. చాలా కొంచెం మాత్రం, నెలల తరబడి, పొర దాటి కణద్రవంలోకి కారుతుంది. ఇంజెక్షనుకూ ఇంజెక్షనుకూ మధ్య ఆరు నెలల ఎడం కుదరడానికి ఒక కారణం ఈ నెమ్మదైన కారడమే. పోయిన వారం అత్త రిపోర్టు వాట్సాప్‌లో పంపింది, ఎల్‌డీఎల్ 84. మడమల గడ్డలు కాస్త మెత్తబడ్డాయట; పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కోవచ్చా అని అడిగింది.